జంబు పెట్టిన అభ్యంతరం

నా పెళ్లికి ఒక ఒంటె అడ్డం పడింది. నిజం ఒంటె అయితే పక్కకు తోలేసి పోయేదాన్ని. ఇది బొమ్మ ఒంటె. పోస్టుకార్డు మీద వచ్చింది.

నా పేరు ఎస్తర్. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. ఉండేది జమ్మలమడుగులో, అమ్మతో. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. ముప్పై నాలుగేళ్లొచ్చాయి. ఇక ఈ పిల్లకు పెళ్లి కాదని బంధువులంతా తేల్చేసుకుని, ఆ మాట నా ఎదురుగానే అనుకునే దాకా వచ్చాక సంజీవ్ సంబంధం వచ్చింది. చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. నాకు నచ్చాడు. నచ్చాడని నోరు తెరిచి చెప్పిన రోజు అమ్మ సంతోషంతో అన్నం కూడా తినలేదు.

మా చర్చి సంఘంలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఆరాధన మధ్యలో పాస్టరు అయ్యగారు లేచి, ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెళ్లి నిశ్చయమైంది, ఎవరికైనా న్యాయమైన అభ్యంతరం ఉంటే తెలియజేయండి అని అడుగుతారు. నా ఎరుకలో ఎవరూ ఎప్పుడూ ఏమీ తెలియజేయలేదు. చిన్నపిల్లలు నీళ్లు తాగడానికి లేచిపోయే సమయం అది.

మా మూడో ప్రకటన మార్చి రెండో తేదీ ఆదివారం. మరుసటి రోజు సోమవారం పెళ్లి. బుధవారం నుంచి శ్రమదినాలు, అంటే ఈస్టరు ముందరి ఉపవాసాలు, మొదలు. శ్రమదినాల్లో మా గుడిలో పెళ్లి చేయరు, ఈస్టరు దాటాల్సిందే. దాటనీ, నెలన్నర ఆగితే ఏం పోయింది అంటారా? సంజీవ్ వాళ్లమ్మ రూతమ్మ సంగతి మీకు తెలియదు. ముప్పై ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేసిన మనిషి. మూడేళ్ల కిందట సంజీవ్‌కు ముద్దనూరులో ఒక సంబంధం కుదిరి, పిల్ల తాతగారు పోవడంతో పెళ్లి రెండు వారాలు వెనక్కి జరిగితే, ఆగిన పెళ్లి మా ఇంటికి అచ్చిరాదని సంబంధమే వదిలేసింది. కాబట్టి నాకు మార్చి మూడు అయితే అయినట్టు. లేకపోతే లేనట్టే.

రెండో ప్రకటన అయిన ఆదివారం, దీవెన ముగిసి జనం లేస్తుండగా కృపావరం సారు నన్ను పాస్టరు గదిలోకి పిలిచారు. సారు రిటైరైన తెలుగు పండితులు, పద్దెనిమిదేళ్లుగా సంఘానికి సెక్రటరీ. నేను పోయేసరికి నలుగురు పెద్దలు కుర్చీల్లో ఉన్నారు. మా అయ్యగారు కొత్తవారు, నెమ్మదస్తులు, సారు అంటే కొంచెం భయం. ఆయన మూలన నిలబడి ఉన్నారు. బల్ల మీద ప్లాస్టిక్ కవరులో ఒక కార్డు ఉంది.

ఇసుక దిబ్బ మీద గులాబీ రంగు ఒంటె. దాని మూపురం మీద కప్ప. కప్ప తలకు ఎర్ర టోపీ.

ఒక్క క్షణం నాకు ఆ గది, ఆ పెద్దలు, పెళ్లి, ఏమీ గుర్తు లేదు. ఎన్నేళ్లయింది ఆ ఒంటెను చూసి! చెయ్యి చాచబోయాను.

"తాకొద్దు," అన్నారు సారు. "అది ఫైల్లోది."

వెనకవైపు చదివి వినిపించారు. "టింకూ, నీకు పెండ్లంట! ఊరందరికీ తెలుసు, నాకు మాత్రం తెలీదు. నేను లేకుండా చేసుకోనని మాట ఇచ్చినావు. గుర్తుందా? ఈ పెండ్లికి నేను ఒప్పుకోను. ఇట్లు, నీ జంబు." చిరునామా స్థానంలో, ఎస్తర్ టీచర్, కేరాఫ్ చర్చి, జమ్మలమడుగు.

కార్డు గురువారమే వచ్చిందట. వాచ్‌మన్ చదివాడు. శుక్రవారం పాటల ప్రాక్టీసుకు వచ్చినవాళ్లు చదివారు. శనివారం స్త్రీల సమాజంలో చేతులు మారింది. నా కార్డును సంఘంలో ఆఖరుగా చూసింది నేనే.

"ఈ జంబు ఎవరు?" అన్నారు సారు.

నేను నవ్వాను. అదే నేను చేసిన తప్పు. "ఒంటె సార్."

"ఒంటె ఉత్తరం రాసిందా?"

"రాసింది మెహతాబ్ సార్. నా చిన్నప్పటి స్నేహితురాలు. ప్రొద్దుటూరులో మా పక్కిల్లు."

"మెహతాబ్ అంటే మగపేరు కదమ్మా. నా దగ్గర ఎనభై తొమ్మిదిలో ఒక మెహతాబ్ చదివినాడు. పొడగరి."

"ఆడపిల్లలకూ పెడతారు సార్."

"పెడతారేమో. నువ్వు టింకు ఎందుకైనావు?"

ఆ రోజు ఐదుగురు పెద్దమనుషుల ముందు నిలబడి నేనొక బొమ్మల సినిమా కథ చెప్పాను. మెహతాబ్ వాళ్ల నాన్న కువైట్ నుంచి తెచ్చిన టేపు అది. మాటలన్నీ అరబ్బీ. మాకు ఒక్క ముక్క అర్థం కాదు. సినిమా పేరేమిటో ఈ రోజుకీ తెలియదు. ఎడారిలో పుట్టిన ఒంటెకు సముద్రం చూడాలని ఆశ, దానికి దారి చెప్పడానికి ఒక కప్ప తోడు. మేమిద్దరం పేర్లు పెట్టుకుని, మాటలు కల్పించుకుని, స్కూలు వదలగానే వాళ్లింట్లో కూర్చుని ఒక వందసార్లు చూసి ఉంటాం. మెహతాబ్ పొడుగు కాబట్టి జంబు. నేను పొట్టి కాబట్టి టింకు. ఇంతకన్నా ఏముంది సార్?

ఎవరూ నవ్వలేదు. ఒక పెద్దాయన, "ఆ కప్ప మగదా ఆడదా?" అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది.

"సార్, ఇది అభ్యంతరం కాదు. ఆటపట్టిస్తోంది, అంతే."

"'ఈ పెండ్లికి నేను ఒప్పుకోను' అని స్పష్టంగా ఉంది. నువ్వు లెక్కల టీచరువు. తెలుగు నాకు వదిలిపెట్టు." సారు ఒక పాత పుస్తకం తెరిచారు. రాతపూర్వకంగా అభ్యంతరం వస్తే, రాసినవాళ్లు స్వయంగా వచ్చి గాని, తమ చేతిరాతతో గాని వెనక్కి తీసుకునే వరకు తర్వాతి ప్రకటన చదవకూడదని అందులో ఉంది. పద్దెనిమిదేళ్లలో సారుకు ఆ పేజీ తెరిచే అవకాశం ఇదే మొదలు. ఆయన మొహంలో ఎంత దాచుకున్నా సంతోషం దాగలేదు. అయ్యగారు మాత్రం బయటికి వచ్చాక, "ఒక్క లైను రాయించుకొని రామ్మా, చదివేస్తాను," అని మెల్లగా చెప్పారు.

ఇంటికి రాగానే అమ్మ అడిగిన మొదటి మాట, "ఆ పిల్లను పెండ్లికి పిల్సలేదా నువ్వు?"

"నంబరు లేదు మా."

"అడిగితే దొరకదా?"

నేను స్కూలు చీర తీసి ఇస్త్రీ పెట్టడం మొదలుపెట్టాను.

సంజీవ్‌కు ఫోన్ చేస్తే పగలబడి నవ్వాడు. "నాకు ఒంటెతో పోటీ అని ముందే చెప్పింటే, రెండు నెలలు నీళ్లు తాగకుండా ప్రాక్టీసు చేసేటోన్ని కదా!" ఇది నవ్వే సమయమా అని అరిచాను. తనకు ఫ్యాక్టరీలో షట్‌డౌన్ పనులున్నాయి, సెలవంతా పెళ్లికే పోయింది, రాలేనన్నాడు. ఆ తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "అమ్మకు తెలిసిపోయిందిలే," అన్నాడు.

తెలియకేం! సోమవారం సాయంత్రానికి రూతమ్మ చిలమకూరు నుంచి మా వాకిట్లో దిగింది.

"జంబు యాడుంటాడు?"

"ఉంటాడు కాదత్తా, ఉంటాది. ఆడమనిషి. పులివెందులలో. కార్డు మీద ముద్ర పులివెందులదే."

"ఆడమనిషో మగమనిషో నేనొచ్చి చూస్తా. నీమింద అనుమానం కాదు. రేపు పదిమంది అడిగితే, నా కండ్లతో చూసినా అని చెప్పాల కదా."

అలా బుధవారం నేను లీవు పెట్టి, ప్రిన్సిపాల్‌తో నాలుగు మాటలు పడి, కాబోయే అత్తగారిని వెంటబెట్టుకుని పులివెందుల బస్సెక్కాను. కిటికీ సీటు ఆమెది. ముద్దనూరు దాటేవరకు ప్రార్థన చేసుకుంది. దాటాక, ఆ సినిమా కథేందో చెప్పు అంది. చెప్పాను. మధ్యలో ఆపి మరీ ప్రశ్నలు వేసింది. కప్ప నీళ్లు లేకుండా ఎట్లా బతికింది? ఒంటెకు అమ్మా నాయనా లేరా? ఆడపిల్లలు అట్లా చెప్పకుండా ఇల్లు వదిలిపోయే కతలు చూస్తారా? తల పగిలిపోయింది నాకు. ముందు సీటాయన కూడా వెనక్కి తిరిగి వినడం మొదలుపెట్టాడు.

"కడాకు సముద్రం చూసిందా లేదా?"

"చూసిందత్తా. ఆత్రంగా పోయి ఉప్పునీళ్లు తాగి ఉమ్మేసింది."

రూతమ్మ కిటికీలోంచి చీనీ బత్తాయి తోటల వైపు చూసింది. "పాపం," అంది.

మెహతాబ్ భర్త షంషుద్దీన్‌కు లింగాల రోడ్డులో బోరు మోటార్లు బాగుచేసే షాపు ఉందని నాకు తెలుసు. తెలుసు అని రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. నంబరు లేదని అమ్మతో అన్నాను కదా. షాపు తెలిసినవాళ్లకు నంబరు ఎంతసేపు? బస్టాండులో ఆటోవాడికి చెప్తే ఐదు నిమిషాల్లో దింపాడు. ఒళ్లంతా గ్రీజుతో ఒకాయన మోటారు విప్పుతున్నాడు. రూతమ్మ నడుం మీద చెయ్యి పెట్టి నిలబడి అడిగింది.

"నువ్వేనా జంబు?"

ఆయన మమ్మల్ని పైనుంచి కిందికి చూశాడు. "కాదు మా. జంబు లోపల రొట్టెలు చేస్తాంది."

షాపు వెనకే ఇల్లు. మెహతాబ్ పొయ్యి దగ్గర ఉంది. కొంచెం లావైంది, ముందు వెంట్రుకలు నెరిశాయి. నన్ను చూసి లేవలేదు. పెనం మీది రొట్టె తిప్పి, మంట తగ్గించింది.

మూడు రోజుల కోపమంతా నా నోట్లోకి వచ్చేసింది. "ఏమే, బుద్ధి ఉందా నీకు? ఓపెన్ కార్డు మీద ఎవురైనా అట్ల రాస్తారా? అదీ చర్చికి! ఊరంతా చదివినారు. పెద్దల ముందర నన్ను నిలబెట్టి కప్ప మగదా ఆడదా అని అడిగినారు. నా పెండ్లి ఆగిపోతాంది, తెలుసా?"

"నీ ఇల్లు యాడో నాకు తెలీదు. చర్చి ఒకటే తెలుసు, రాసినా," అంది. "నయీం కువైట్ నుంచి వస్తా ఆ కార్డు తెచ్చినాడు. యాడో పాత అంగట్లో కనపడిందంట. నీకు పంపియ్యమన్యాడు."

నయీం ఆమె తమ్ముడు. నేను ప్రకటన సంగతి, శ్రమదినాల సంగతి గబగబా చెప్పి, సంచిలోంచి తెల్లకాగితం, పెన్నూ తీసి ఆమె ముందు పెట్టాను. "నాకే అభ్యంతరమూ లేదు అని ఒక్క లైను రాసి సంతకం చెయ్యి. సాలు. మళ్లీ మూడున్నర బస్సుకు పోవాల."

మెహతాబ్ కాగితం వైపు చూసింది. చేతులకున్న పిండి దులుపుకుంది.

"లేదని ఎవరు చెప్పినారు నీకు?"

"ఏంది?"

"అభ్యంతరం ఉంది. ఉండాది కాబట్టే రాసినా."

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆమె నవ్వడం లేదు.

"అమ్మ మూడేండ్ల కింద పోయింది," అంది. "రెండు నెలలు మంచంలో ఉండె. నేను ఆడనే ఉంటి, ప్రొద్దుటూరులో. నీ స్కూలు మా ఇంటికి రెండు వీధులు. నువ్వు రాలేదు. సరే, పనిలో ఉండావు అనుకుంటి. మట్టి చేసేనాడూ రాలేదు. నలభై దినాలు వాకిలి తట్టు చూస్తా కూచుంటి. నువ్వు రాలేదు. ఇప్పుడు పెండ్లంటే మా చిన్నమ్మ చెప్తే తెలిసె."

వాళ్లమ్మను నేను ఖాలా అని పిలిచేదాన్ని. మా అమ్మ ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చేసరికి రాత్రయ్యేది. ఒకటో తరగతి నుంచి పది వరకు నాకు మధ్యాహ్నం అన్నం పెట్టింది ఖాలా. ఆమెకు జబ్బు చేసిందని స్టాఫు రూములో మా సైన్సు టీచరు చెప్పింది నాకు. రేపు పోదాం అనుకున్నాను. ఇన్‌స్పెక్షన్ అయ్యాక పోదాం అనుకున్నాను. పోయిందని తెలిశాక, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పోను అనుకున్నాను. అలా అనుకుంటూనే మూడేళ్లు గడిపేశాను. సెల్‌లోంచి మెహతాబ్ నంబరు తీసేసింది కూడా నేనే. ఆ పేరు కనబడితే తినబుద్ధి అయ్యేది కాదు.

ఇవేవీ పైకి చెప్పలేదు. "స్కూల్లో ఇన్‌స్పెక్షన్..." అని మొదలుపెట్టాను. నా చెవులకే రోత పుట్టి ఆపేశాను.

రూతమ్మ సంగతి మేమిద్దరం మరచిపోయాం. గోడకు ఆనుకుని కూర్చుని అంతా వింది. నేను పెట్టిన తెల్లకాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి తన సంచిలో వేసుకుంది.

"అయ్యగారు న్యాయమైన అభ్యంతరం అని కదా చదువుతాడు," అంది. "ఈ పిల్లది న్యాయమే. దీనిమింద సంతకం ఎట్ల అడుగుతావు?"

"అత్తా! ఆదివారం లోపల..."

"అది నాకూ తెలుసు." రూతమ్మ లేచింది. మెహతాబ్ దగ్గరికి పోయి, "నువ్వు రాయొద్దులేమ్మా. నీకు మనసైతే ఆదివారం వచ్చి నోటితో చెప్పు. కాకుంటే లేదు," అంది.

మెహతాబ్ మాకు రొట్టెలు పెట్టింది, పప్పు వేసింది. వెళ్లేటప్పుడు వస్తావా అంటే, "చూస్తాలే, పో," అంది.

తిరుగు బస్సులో రూతమ్మ పులివెందుల నుంచి జమ్మలమడుగు దాకా ప్రార్థన చేసుకుంటూనే ఉంది. ఆమె తిట్టినా బాగుండేది. ఆ మూడు రోజులూ నాకు నిద్ర లేదు. పెళ్లి ఆగిపోతుందేమో అని భయం. మెహతాబ్ రాకపోతే ఏమవుతుందో అని కాక, అసలు ఆమె ఎందుకు రావాలి అని ఆలోచించడం మొదలుపెట్టాక ఆ భయం ఇంకా ఎక్కువైంది.

ఆదివారం గుడి కిక్కిరిసింది. ఏనాడూ రానివాళ్లు కూడా వచ్చారు, పాటల కోసం కాదు. సంజీవ్, వాళ్లమ్మ ముందు వరసలో ఉన్నారు. కృపావరం సారు ఫైలు ఒళ్లో పెట్టుకుని అయ్యగారి వెనకే కూర్చున్నారు. ప్రకటనల సమయం వచ్చింది. అయ్యగారు కాగితం తీసి, మళ్లీ మడిచి, నావైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. సారు లేచి గొంతు సవరించుకున్నారు. "రాతపూర్వకంగా వచ్చిన ఒక అభ్యంతరం వల్ల..."

"సార్," అని వెనకనుంచి వినబడింది.

తలుపు దగ్గర మెహతాబ్, తల మీద దుపట్టా కప్పుకుని నిలబడి ఉంది. పక్కన షంషుద్దీన్, తెల్లచొక్కాలో. గుడి మొత్తం ఒక్కసారి వెనక్కి తిరిగింది.

"నువ్వేనా రాసింది?" అన్నారు సారు. ఆడమనిషి అని తేలిపోయినందుకు ఆయన గొంతులో కొంచెం నిరాశ ఉంది.

"నేనే సార్."

"అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నావా?"

"లేదు సార్."

గుడిలో గుసగుస లేచింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అభ్యంతరం అట్లే ఉండనీ. పెండ్లి మాత్రం కానీయండి."

"రెండూ ఎట్లా కుదురుతాయమ్మా?"

"నా కోపం ఈ పిల్లమింద సార్, పెండ్లిమింద కాదు. ఈ పిల్లతో నాకు శానా లెక్క ఉంది, అది మేము మేము చూసుకుంటాం. దానికి పెండ్లి నిలపమని నేను యాడ రాసినా? ఒప్పుకోనని రాసినా. నిలపమని రాసింటే చూపియ్యండి."

సారు ప్లాస్టిక్ కవరు తీసి కార్డు మళ్లీ చదువుకున్నారు. పెదవులు కదులుతున్నాయి. ముందు వరసలోంచి రూతమ్మ లేచింది. "అయ్యా, మూడోది చదవండి. పెద్దదాన్ని, మోకాళ్ల నొప్పి." అయ్యగారు ఆలస్యం చేస్తే మళ్లీ ఎవరు లేస్తారో అన్నట్టు గుక్క తిప్పుకోకుండా చదివేశారు.

ఆరాధన అయ్యాక గుడి బయట వేపచెట్టు కింద మెహతాబ్‌ను పట్టుకున్నాను. సంజీవ్ షంషుద్దీన్‌తో మోటార్ల సంగతి మాట్లాడుతున్నాడు. కృపావరం సారు రిజిస్టరు పట్టుకుని మా వెనకే వచ్చి, "ఉపసంహరణ అని రాయాల్నా, కొట్టివేత అని రాయాల్నా? రెండూ కాకుంటే ఏమని రాసేది?" అని అడుగుతూనే ఉన్నారు. అయ్యగారు వచ్చి ఆయన్ను మెల్లగా లోపలికి తీసుకుపోయారు.

క్షమించమని అడగాలని పదిసార్లు నోట్లో తిప్పుకున్నాను. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది. మూడేళ్లుగా నన్ను తినేస్తున్నది అదే. "ఖాలా నన్ను అడిగిందా, కడాన?"

మెహతాబ్ దుపట్టా కొస వేలికి చుట్టుకుంది.

"కడాన ఎవర్నీ గుర్తుపట్టలేదు. నన్నే పట్టలేదు. మధ్యాన్నం మీ స్కూలు గంట ఇంట్లోకి ఇనపడేది. ఆ గంట కొడితే సాలు, లేచి కూచునేది. 'బడి వదిలినారు, ఎస్తరుకు అన్నం పెట్టినావా?' అనేది. 'పెట్టినా మా, తినింది' అని చెప్తాంటి. అప్పుడు పండుకునేది. దినామూ అంతే."

ఆ గంట కొట్టించేది నేనే. ఆ ఏడాది టైంటేబుల్ డ్యూటీ నాది. ఒంటిగంటకు గంట కొట్టించి, చేతులు కడుక్కుని, రెండు వీధుల ఇవతల స్టాఫు రూములో కూర్చుని నేను అన్నం తినేదాన్ని.